కాన్పుకని దాచిన కార్డు

మా తోడికోడలు పని నుంచి ఇంటికొచ్చిందంటే ముందు గుమ్మం దగ్గర చెప్పులు పడేవి, తర్వాత కుర్చీలో సంచీ పడేది, ఆ తర్వాత మాటలు వచ్చేవి, అన్నిటికంటే చివర మనిషి వచ్చేది. ఆమెకి సుడిగాలి అని పేరు పెట్టింది మా ఆయనే. కాపురానికి వచ్చిన కొత్తలో, "ఏమ్మా సుడిగాలీ, తలుపు విరగ్గొట్టకుండా లోపలికి రావడం మీ పుట్టింట్లో నేర్పలేదా?" అని అడిగారు. "నేర్పారు బావగారూ, కాకపోతే అక్కడి తలుపులు ఇంత నాజూకువి కావు" అంది. ఆయనకి ఆ జవాబు ఎంత నచ్చిందో, ఆ వారమంతా కనపడ్డవాళ్ళకల్లా చెప్పారు. అప్పటి నుంచి ఆమె అసలు పేరు కాగితాల మీదే మిగిలిపోయింది.

మేడ మీద మూడు గదుల ఇల్లు మాది. మేమిద్దరం, మా మరిది, ఆమె. మరిది లిఫ్టులు బాగుచేసే పని చేస్తాడు. పెద్ద పెద్ద భవనాల్లో ఆ చీకటి గొయ్యిలో తాళ్ళు పట్టుకుని వేలాడతాడు గానీ, ఇంట్లో బల్లి కనపడితే కుర్చీ ఎక్కుతాడు. నాకు పిల్లలు కలగలేదు. వాళ్ళకీ చాలాకాలం కలగలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు. అందరికీ ఒకచోటే నొప్పి ఉన్నప్పుడు ఎవరూ అక్కడ చెయ్యి వేయరు కదా.

సుడిగాలి హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని చేస్తుంది. నేను ఒకసారి అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళి చూశాను. ఒక పక్క యంత్రాలు, వాటి ఆవిరి. ఇంకో పక్క పొడవాటి బల్లలు. అక్కడ మడత పని ఒక్కళ్ళు చేసేది కాదు. జంటలుగా చేస్తారు. రెండు కొసలు ఒకరు, రెండు కొసలు ఇంకొకరు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచివచ్చి, చేతుల్లోంచి చేతుల్లోకి మార్చుకుంటారు. జంటలో ఒకరు రాకపోతే రెండోవాళ్ళని తువ్వాళ్ళ గుట్ట దగ్గరికి పంపిస్తారు. తువ్వాళ్ళంటే అక్కడ అందరికీ శిక్షే. అందుకని జంట మనిషికి జ్వరమొస్తే సొంత చెల్లెలికి వచ్చినంత కంగారు పడతారు. సుడిగాలి జంటని అందరూ పొడుగక్క అంటారు. ఆవిడ ఎత్తుకీ ఈమె పొట్టితనానికీ దుప్పటి ఎప్పుడూ ఏటవాలుగానే ఉంటుంది. "నువ్వు కొంచెం ఎదగవే" అని ఆవిడ, "నువ్వు కొంచెం వంగు, మోకాళ్ళు అరిగిపోతాయా?" అని ఈమె. రోజంతా ఇదే సంగీతం.

ఇంక కార్డు సంగతి. మా ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. పనిచేసే చోట ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు ఉండేది. మొదట్లో ఆ కార్డు చూస్తే నాకు కొండంత ధైర్యం. ఆసుపత్రిలో బిల్లు కట్టే కిటికీ దగ్గర ఇచ్చేదాన్ని, వాళ్ళు గీకి మళ్ళీ నా చేతికి ఇచ్చేవాళ్ళు, ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఒకరోజు కిటికీలో మనిషి తెర వంక చూసి, "ఈ ఏటికి మీ లిమిట్ అయిపోయిందండీ" అన్నాడు. పక్కన సుడిగాలి ఉంది.

"అయిపోవడమేంటండీ? మనిషి ఇంకా ఉన్నాడుగా?" అంది.

అతను తల దించుకున్నాడు. తర్వాత ఆయన్ని వేరే ఆసుపత్రికి మార్చాం. అక్కడా బాగానే చూశారు, వాళ్ళని ఒక్క మాట అనకూడదు. కానీ ఆయన ఉండలేదు. ఆయన పోయాక నేను ఆసుపత్రి ఉన్న వీధి వైపే వెళ్ళలేదు. కూరగాయలకి కూడా చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

ఏడాది తిరిగిన తర్వాత సుడిగాలి నెల తప్పింది. ఎప్పుడూ అరిచి చెప్పే మనిషి, ఆ కబురు మాత్రం నా చెవిలో చెప్పింది. నేను పొయ్యి కట్టేసి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. కాసేపు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. మరిదికి చెబితే అతను మెట్లు దిగి వెళ్ళి, కింది వాకిట్లో ఎప్పట్నుంచో మొరాయిస్తున్న గేటు గడియ బాగుచేసి వచ్చాడు. సంతోషం వస్తే అతని చేతులు ఊరికే ఉండవు.

మరిది పనిచేసే కంపెనీ వాళ్ళిద్దరి పేరు మీదా కార్డు ఇచ్చింది. సుడిగాలి ఆ కార్డుని బీరువాలో పాత శాలువా మడతలో పెట్టి తాళం వేసింది. "ఇది కాన్పుకి. అంతదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అని ఇంటికంతటికీ చాటింపు వేసింది. మాకెవరికీ అందులో తప్పు కనపడలేదు. కార్డు అంటే వాడితే అరిగేదని మేం కళ్ళారా చూసినవాళ్ళం. పాలకి కాలిన నోరు మజ్జిగనీ ఊదుకుంటుందన్నట్టు, పొదుపు చేస్తున్నాం అనే అనుకున్నాం.

క్లినిక్కుకి నెలనెలా వెళ్ళేది. బరువు చూసేవాళ్ళు, బీపీ చూసేవాళ్ళు. రక్త పరీక్షలకని చీటీ ఇచ్చి కార్డు అడిగితే "ఇంట్లో మర్చిపోయానండీ" అనేది. రెండోసారీ అదే మాట. మూడోసారి అక్కడి సిస్టర్, నెరిసిన జుట్టావిడ, ఈమెని పక్కకి కూర్చోబెట్టి చెప్పిందట. ఆ సాయంత్రం చెప్పులు పడ్డాయి, సంచీ పడింది, మాటలు మొదలయ్యాయి.

"అక్కా, విన్నావా? నాకు హెచ్‌ఐవీ పరీక్ష చెయ్యాలట! నాకు! ఈ మొహానికి!"

"అందరికీ చేస్తారేమో" అన్నాను.

"అందరికీనట. కడుపుతో ఉన్న ప్రతివాళ్ళకీ అట. ఉంటే ఇప్పటి నుంచీ మాత్రలు వేసుకుంటే బిడ్డకి రాకుండా కాపాడొచ్చట, ఆలస్యమైతే కష్టమట. ఇన్ని నెలలు ఎందుకు ఊరుకున్నావమ్మా అని నన్నే కసిరింది."

మరిది నీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "చేయించుకోవచ్చుగా మరి?"

"చేయించుకుంటే కార్డు పెట్టాలి. ఈ పరీక్షకింత, ఆ పరీక్షకింత అని ముక్క ముక్క కొరుక్కుపోతే, నొప్పులొచ్చిన రోజు ఆ కిటికీలో వాడు అయిపోయిందండీ అంటే? అప్పుడు నన్ను లిఫ్టులో పెట్టి పైకీ కిందకీ తిప్పుతావా?"

నేను కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తులేక ఇంకోసారి వేశాను. ఆ పూట ముగ్గురం ఆ కూరే నీళ్ళు తాగుతూ తిన్నాం.

ఆమె సిగ్గుపడుతోందేమో అని మొదట అనుకున్నాను. కాదు. సిగ్గుని ఆమె ఒక్క ఎగతాళితో అవతల పారేయగలదు. ఆమె భయం ఆ కిటికీ. నా భయమూ అదే. మా ఇద్దరి భయానికీ మధ్యలో, ఇంకా కళ్ళు తెరవని ఒక బిడ్డ. ఒకవేళ ఏదన్నా ఉంటే, మేం దాచుకున్న కార్డే ఆ బిడ్డ పాలిట శత్రువవుతుంది. ఈ ఆలోచన నాకు గిన్నెలు తోముతుంటే వచ్చింది. సబ్బు చేతులతోనే వెళ్ళి, "రేపు నేనూ వస్తాను" అన్నాను.

"ఎక్కడికి?"

"క్లినిక్కుకి. కార్డు తియ్యి."

సుడిగాలి నోరు తెరిచి మళ్ళీ మూసింది. నాకు తెలిసి ఆమె మాట వెనక్కి మింగడం అదే మొదటిసారి. తర్వాత మెల్లిగా, "నువ్వు రాగలవా అక్కా?" అంది.

"ఏమో, చూద్దాం" అన్నాను.

మర్నాడు మరిది కూడా సెలవు పెట్టి వచ్చాడు. క్లినిక్కు గోడలకి లేత ఆకుపచ్చ రంగు, నడవాలో బెంచీలు, ఫినాయిల్ వాసన. ఆ వాసన తగలగానే నా కాళ్ళు ఆగాయి. సుడిగాలి నా మోచెయ్యి పట్టుకుంది. కడుపుతో ఉన్న మనిషి నన్ను నడిపించడమేంటని నాకే నవ్వొచ్చి, నడిచాను. కిటికీ దగ్గర కళ్ళద్దాల కుర్రగుమాస్తా. కార్డు అద్దం మీద పెట్టి, చెయ్యి మాత్రం దాని మీదనుంచి తీయకుండా అడిగాను.

"బాబూ, గర్భిణీలకి చేసే రక్త పరీక్షలు చేయిస్తే ఇందులోంచి ఎంత పోతుంది?"

"ఏం పోదండీ."

"ఏం పోకపోవడమేంటి?" అని సుడిగాలి ముందుకొచ్చింది.

"ఈ కార్డులో ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుకి లిమిట్ ఉందండీ. కాన్పుకి ముందు చేసే పరీక్షలు అందులోకి రావు. వేరే. హెచ్‌ఐవీ పరీక్షకైతే ఇక్కడ అసలు కార్డే అడగం, కార్డు లేనివాళ్ళకి కూడా చేస్తాం. మిగతా వాటి కోసమే మిమ్మల్ని అడుగుతున్నాం."

"ఇప్పుడెంతుందో చూపించండి. పరీక్షయ్యాక మళ్ళీ వచ్చి చూస్తా."

"చూడండమ్మా, మీ ఇష్టం. ఇది గ్యాస్ బండ కాదు, ఎంతుందో ఊపి చూసుకోవడానికి" అని తెర మా వైపు తిప్పాడు.

సుడిగాలి పకపకా నవ్వింది. వెనక వరుసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. నేను కార్డు మీదనుంచి చెయ్యి తీశాను. ఇంత చిన్న ప్రశ్న ఇన్ని నెలలు ఎవరం ఎందుకు అడగలేదా అని తోచింది. అడిగితే వినకూడని జవాబు వస్తుందని భయం, అంతే.

రక్తం తీసే గదిలో సిస్టర్ మరిదిని కూడా పిలిచింది. "తండ్రికి కూడా చేస్తే మంచిది. కూర్చోండి." అతను సూది చూశాడు. "బండి తాళం మర్చిపోయాను" అంటూ వెళ్ళినవాడు మళ్ళీ కనపడలేదు. సుడిగాలి నవ్వలేక కడుపు పట్టుకుంది. "చూశావా అక్కా, గాల్లో వేలాడే వీరుడు!"

ఆ మధ్యాహ్నమే ఫలితానికి పిలిచినప్పుడు, తిరిగొచ్చిన మరిదిని బెంచీ మీదే ఉంచి, సిస్టర్ మొదట ఆమెని ఒక్కదాన్నే రమ్మంది. "మా అక్క లేకుండా నేను రాను" అని నన్నూ లాక్కెళ్ళింది. గది చిన్నది. బల్ల, రెండు కుర్చీలు, కిటికీకి తెర. సిస్టర్ నాన్చకుండా, మెత్తగా చెప్పింది. హెచ్‌ఐవీ ఉందని. ఇంకో రకం పరీక్షతో కూడా సరిచూశామని.

సుడిగాలి కడుపు మీద చెయ్యి వేసుకుని, "బిడ్డకి?" అంది.

"అందుకేగా అన్నిసార్లు మీ వెంటపడింది. ఇంకా టైముంది. ఇవాళే మాత్రలు మొదలుపెడదాం. రోజూ మానకుండా వేసుకోండి. పుట్టాక బిడ్డకి కొన్నాళ్ళు మందు. ఇలా వేసుకున్న తల్లుల బిడ్డలు చాలావరకూ మామూలుగానే ఉంటారు. మీరూ ఉంటారు. పని మానక్కర్లేదు."

ఈమె ఒప్పుకున్నాక మరిదిని లోపలికి పిలిచారు. అతను విని, గోడకి ఆనుకున్నాడు. "ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు. కోపంగా కాదు, దారి తప్పినవాడు అడిగినట్టు.

"తెలియకపోవచ్చు బాబూ. ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతుక్కుంటూ కూర్చుంటే పొద్దు పోతుంది. ఇంకెవరికీ వెళ్ళకుండా చూసుకోవడం ఇప్పుడు మన పని" అంది సిస్టర్.

అతను బయటికి వెళ్ళిపోయాడు. సుడిగాలి తలుపు వంకే చూస్తూ కూర్చుంది. "పోయాడక్కా" అంది. ఆమె చెయ్యి పట్టుకుని నడవాలోకి తీసుకొచ్చాను. రక్తం తీసే గది తలుపు తెరిచి ఉంది. లోపల కుర్చీలో మా మరిది, కళ్ళు గట్టిగా మూసుకుని, చొక్కా చెయ్యి భుజం దాకా మడుచుకుని, పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. సూది ఇంకా రానేలేదు.

"ఏవయ్యా, సూది ఇంకా పెట్టెలోనే ఉంది. ఊపిరి తీసుకో, పోతావు" అంది సుడిగాలి. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే వెళ్ళి అతని రెండో చెయ్యి పట్టుకుంది.

అతనికి లేదని తేలింది. జాగ్రత్తలు చెప్పారు. ఇద్దరూ విన్నారు.

ఆ తర్వాత అంతా సాఫీగా జరిగిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కొన్నాళ్ళు ఇంట్లో గోడలే మాట్లాడుకున్నాయి. మరిది అవసరం లేని తలుపులన్నిటికీ నూనె వేశాడు. సుడిగాలి తన పళ్ళెం కడిగి వేరుగా కిటికీ గట్టు మీద పెట్టడం మొదలుపెట్టింది. కంచాల వల్ల రాదని సిస్టర్ చెప్పింది, ఆమెకీ తెలుసు, అయినా పెట్టేది. నేను తీసి మా పళ్ళేల మధ్యలో పెట్టేదాన్ని. మళ్ళీ పెట్టేది. మళ్ళీ తీసేదాన్ని. ఒకరోజు మరిది ఆ గట్టు మీద పళ్ళెమే తీసుకుని అన్నం వడ్డించుకుంటూ, "దీన్ని ఎండలో పెట్టారేంటి వదినా, జలుబు చేసిందా?" అన్నాడు. అతనికి నిజంగానే తెలియదో, తెలిసి అన్నాడో నేటికీ చెప్పడు. ఆ పళ్ళెం మళ్ళీ గట్టెక్కలేదు.

లాండ్రీలో ఎవరికీ చెప్పక్కర్లేదని సిస్టర్ చెప్పింది. కానీ సుడిగాలికి కడుపులో మాట దాగదు, అందులోనూ పొడుగక్క దగ్గర. రోజంతా ఎదురెదురుగా నడిచే మనిషి కదా. ఒకరోజు దుప్పటి పట్టుకునే చెప్పేసిందట. ఆవిడ కొసలు వదిలేస్తుందేమోనని చేతుల వంకే చూసిందట. పొడుగక్క కొసలు అలాగే పట్టుకుని, "మాత్రలు వేసుకుంటున్నావా?" అంది. ఊఁ అంది ఈమె. "వేసుకో. ముందు ఆ కొస సరిగ్గా పట్టుకో, నీ వల్ల వంకరపోతోంది." ఇంటికొచ్చి ఇది చెబుతూ, ఆవిడ గొంతు అనుకరిస్తూ, సుడిగాలి నవ్వింది. తర్వాత పొడుగక్క వారం వారం ఏదో ఒకటి తెచ్చేది. పళ్ళో, బిడ్డకి మెత్తటి పాత గుడ్డలో. "నిన్ను చూసి కాదు, నువ్వు పడుకుంటే నన్ను తువ్వాళ్ళకి తోస్తారని" అనేది.

కాన్పు ఆసుపత్రిలో అయింది. ఆడపిల్ల. ఏడుపు మెట్ల దాకా వినపడింది, తల్లి గొంతే. పిల్లకి మందు పోయడం నా పని. చిన్న సిరంజితో బుగ్గ పక్కగా పోస్తే, సగం మింగి సగం నా చేతి మీద ఉమ్మేది. నేను మళ్ళీ సిస్టర్‌ని అడిగి, ఎంత ఉమ్మితే మళ్ళీ పోయాలో నేర్చుకున్నాను. నాకు పెద్ద చదువు లేదు గానీ ఆ మందు సంగతిలో నన్ను ఎవరూ తప్పుపట్టలేరు. పరీక్షలు ఒకటి తర్వాత ఒకటి జరిగాయి. ప్రతిసారీ లేదనే వచ్చింది. అయినా చివరిది అయ్యేదాకా పూర్తిగా నమ్మకూడదన్నారు. అంతదాకా సుడిగాలి పిల్లని ముద్దు పెట్టుకునేటప్పుడు కూడా ఒక్క క్షణం ఆగేది. ఫర్వాలేదని తెలిసినా ఆగేది.

ఆ ఎదురుచూపులో పిల్ల కూర్చుంది, పాకింది, నిలబడి మా మరిది పనిముట్ల పెట్టె బోర్లించింది. నేను ఇప్పుడు కూరగాయలకి ఆసుపత్రి వీధి మీదుగానే వెళ్తున్నాను, అదే దగ్గర దారి. పిల్ల చంకలో ఉంటే మనసు వేరే పక్కకి పోయే తీరిక ఉండదు. ఆయన గుర్తొస్తారు. వస్తే రానిస్తాను. ఈ పిల్ల తలుపులు తోసే తీరు చూసి ఉంటే దీనికేం పేరు పెట్టేవారో అనుకుంటాను.

చివరి పరీక్ష ఫలితానికి ముగ్గురం వెళ్ళాం. సిస్టర్ కాగితం చూసి, చిరునవ్వు నవ్వి, "ఇంక ఈ పిల్లని దీని కోసం నా దగ్గరికి తీసుకురావద్దు" అంది. మరిది నాలుగు వైపులా చూసి, బాగుచేయడానికి ఏమీ దొరక్క, ఊగుతున్న బెంచీ మర బిగించాడు. సుడిగాలి పిల్లని ఎత్తి, ఆగకుండా, మొహమంతా ముద్దులు పెట్టింది. పిల్ల విసుక్కుని జుట్టు పీకింది.

మర్నాడు పొద్దున వంటింట్లో నేను టీ కాస్తున్నాను. సుడిగాలి పనికి బయల్దేరుతూ, ఎప్పటిలాగే తన మాత్ర అరచేతిలో వేసుకుంది. పిల్ల నడిచొచ్చి చెయ్యి చాపి, నాకూ అన్నట్టు వేళ్ళు ఆడించింది.

"ఇది నీది కాదే, నాది" అంది సుడిగాలి. "నీకు అక్కర్లేదు."

మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, తలుపు దబ్బున వేసి వెళ్ళింది. పిల్ల ఆ తలుపు వంక చూసి, తనూ ఒకసారి దాన్ని రెండు చేతులతో తోసింది.